మోటార్ న్యూరాన్ వ్యాధి: పరీక్ష మొదట ఎవరికి?

కదలమని కండరాలకు ఆజ్ఞ అందించే నాడీ కణాలు మెదడులోనూ వెన్నుపాములోనూ ఉంటాయి. వాటిని మోటార్ న్యూరాన్లు అంటారు. ఆ కణాలు క్రమంగా నశించి, చేతులు, కాళ్ళు, నాలుక, గొంతు, చివరకు ఊపిరి తీసే కండరాలు కూడా బలహీనపడే జబ్బులన్నిటినీ కలిపి మోటార్ న్యూరాన్ వ్యాధి అని పిలుస్తున్నాం. వాటిలో ఎక్కువగా కనిపించేది ఏఎల్‌ఎస్ (అమయోట్రోఫిక్ లేటరల్ స్క్లెరోసిస్). ఈ జబ్బు గురించి మాకు అందిన ఉత్తరాలన్నిటిలోనూ అడిగిన తీరు వేరైనా అడిగింది ఒకటే: ఇది మా పిల్లలకు వస్తుందా? వాటిలో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం. ఎవరి పేర్లూ ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా నాన్నగారికి 54 ఏళ్ళు. ఏడాదిన్నర క్రితం నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు జారిపోతూ ఉండేది. తర్వాత కుడిచేతి పట్టు తగ్గింది, ఇప్పుడు మాట ముద్దగా వస్తోంది. హైదరాబాదులో నరాల డాక్టరు గారు ఏఎల్‌ఎస్ అని తేల్చారు. మా తాతగారి అన్నగారు అరవయ్యో ఏట పక్షవాతంతో మంచానపడి పోయారని ఇంట్లో చెబుతారు. తాతగారు మాత్రం 38వ ఏటనే పాము కాటుతో పోయారు. అమ్మ నాన్నగారికి మేనమామ కూతురు. మేనరికం చేసుకోబట్టే నాన్నగారికి ఈ జబ్బు వచ్చిందని బంధువులు అమ్మ ఎదుటే అంటున్నారు. నాకు సంబంధం కుదిరే దశలో ఉంది. నేనూ, 19 ఏళ్ళ తమ్ముడూ జన్యు పరీక్ష చేయించుకోవాలా? ఆ కాగితం చూపించమని అవతలివారు అడిగితే ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు మీ అమ్మగారి మీద పడిన నింద సంగతి చూద్దాం. మీ నాన్నగారి జన్యువులు ఆయన పుట్టినప్పుడే ఆయన తల్లిదండ్రుల నుంచి వచ్చాయి. ఆయన తర్వాత ఎవరిని పెళ్ళి చేసుకున్నారన్నది వాటిని ఏ విధంగానూ మార్చదు. మేనరికం వల్ల ఏదైనా చిక్కు ఉంటే అది ఆ దంపతుల పిల్లలకు ఉండవచ్చునే తప్ప ఆ భర్తకు రాదు. ఈ మాట మీ బంధువుల ముందు గట్టిగా చదివి వినిపించండి.

మేనరికం చేసుకున్నవారి పిల్లల్లో ఎక్కువగా బయటపడేవి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ఒకే జన్యువు ప్రతులు రెండూ దెబ్బతింటే తప్ప రాని జబ్బులు. పదహారు కోట్ల ఇంజెక్షన్ కోసం చందాలు పోగుచేస్తున్నారని పత్రికల్లో చదివే పసిపిల్లల స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ అలాంటిదే. అది కూడా మోటార్ న్యూరాన్లు నశించే జబ్బే గాని, ఏఎల్‌ఎస్ కాదు. పెద్ద వయసులో కుటుంబపరంగా వచ్చే ఏఎల్‌ఎస్‌లో చాలావరకు జన్యువు ప్రతులు రెండింటిలో ఒక్కటి మారినా చాలు. ఆ ఒక్కటీ ఒక్కో బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. ఇది బొమ్మా బొరుసా లాంటిది. మీకు రాలేదంటే తమ్ముడికి వచ్చి ఉంటుందనీ, అతనికి వచ్చిందంటే మీరు తప్పించుకున్నట్టేననీ లెక్క వేయకూడదు, ఎందుకంటే ప్రతి బిడ్డకూ నాణెం విడిగా ఎగరేసినట్టే.

ఇక మీ కుటుంబంలో అసలు అలాంటి జన్యువు ఉందా అన్నది ప్రశ్న. ఏఎల్‌ఎస్ వచ్చినవారిలో నూటికి 90 నుంచి 95 మందికి కుటుంబంలో మరెవరికీ ఈ జబ్బు ఉండదు. మిగిలిన 5 నుంచి 10 మందికే కుటుంబ చరిత్ర కనిపిస్తుంది. మీ పెదతాతగారి ‘పక్షవాతం’ ఈ లెక్కను మార్చగలదు కాబట్టి, ఆయనను చూసిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే కొన్ని విషయాలు అడగండి. జబ్బు ఒక్క రోజులో వచ్చి శరీరంలో ఒక పక్క పడిపోయిందా, లేక నెలల తరబడి ఒక్కో అవయవం బలహీనపడుతూ కండ కరిగిపోయిందా? చివర్లో మింగుడు పడక ఇబ్బంది పడ్డారా? అంతకుముందు నుంచి ప్రవర్తనలో వింత మార్పు, మొండితనం, సిగ్గూ మర్యాదా మరిచినట్టు నడుచుకోవడం కనిపించాయా? మన పల్లెల్లో మంచానపడ్డ ప్రతివారికీ పక్షవాతమనే పేరు పెట్టేవారు కనుక, ఆ ఒక్క మాటను బట్టి ఏదీ తేల్చలేం. ప్రవర్తన గురించి ఎందుకు అడిగానంటే, ఏఎల్‌ఎస్‌కు కారణమయ్యే ఒక జన్యువు అదే కుటుంబంలో మరొకరికి మెదడు ముందు భాగాన్ని దెబ్బతీసే మతిమరుపు జబ్బుగా బయటపడుతుంది.

మీ తాతగారు 38 ఏళ్ళకే పోవడం వల్ల ఆయనకు ఆ జన్యువు ఉన్నా బయటపడే వ్యవధి దొరికి ఉండకపోవచ్చు. బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు ముప్పై ఏళ్ళలో తాము చూసిన 1,153 మంది ఏఎల్‌ఎస్ రోగుల వివరాలను 2008లో ప్రచురించారు. వారిలో జబ్బు మొదలైన సగటు వయసు సుమారు 46 ఏళ్ళు. వంశవృక్షం గీసేటప్పుడు చిన్నవయసులో ప్రమాదవశాత్తు పోయినవారిని ఆరోగ్యవంతుల జాబితాలో వేయకూడదని మేము చెప్పేది ఇందుకే. ఇక్కడ మీకు మేలు చేసే విషయం ఒకటుంది. మీ అమ్మగారు నాన్నగారికి మేనమామ కూతురు కాబట్టి, వారిద్దరి చుట్టరికం నాయనమ్మ పుట్టింటి వైపు నుంచి వచ్చింది. పెదతాతగారిది తాతగారి వంశం. ఒకవేళ మీ అమ్మగారు మేనత్త కూతురై ఉంటే, అదే జన్యువు ఆమెలోనూ ఉండవచ్చునేమోనని ఆలోచించవలసి వచ్చేది.

ఏఎల్‌ఎస్‌తో ముడిపడిన మొదటి జన్యువు 1993లో దొరికింది. దాని పేరు ఎస్‌ఓడీ1, చోటు 21వ క్రోమోజోమ్. తర్వాత 2008లో టార్డ్‌బీపీ, 2009లో ఎఫ్‌యూఎస్, 2011లో తొమ్మిదో క్రోమోజోమ్ మీది సీ9ఓఆర్‌ఎఫ్72 బయటపడ్డాయి. ఈ చివరిదానిలో ఆరు డీఎన్ఏ అక్షరాల ముక్క ఒకటి, ఆరోగ్యవంతుల్లో సాధారణంగా ముప్పైకి లోపు సార్లు ఉండేది, రోగుల్లో వందల, వేల సార్లు పునరావృతమవుతుంది. యూరప్ మూలాలున్న కుటుంబాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. ఆసియా దేశాల్లో ఇది అరుదు, ఎస్‌ఓడీ1 వాటా ఎక్కువ. టార్డ్‌బీపీ తయారుచేసే ప్రోటీన్ పేరు టీడీపీ-43. పేరు చూసి నవ్వుకునే తెలుగువాళ్ళు నాకు చాలామంది తగిలారు గాని, కుటుంబ చరిత్ర ఉన్నా లేకపోయినా దాదాపు ఏఎల్‌ఎస్ రోగులందరి నాడీ కణాల్లోనూ ఉండవలసిన చోటు వదిలి గడ్డకట్టేది ఆ ప్రోటీనే. ఎస్‌ఓడీ1, ఎఫ్‌యూఎస్ మార్పులున్నవారు మాత్రం దీనికి మినహాయింపు.

అందువల్ల పరీక్ష మొదట మీ నాన్నగారికి జరగాలి. జబ్బు ఉన్న మనిషిలో ఏ జన్యువు మారిందో తెలియకుండా ఆరోగ్యంగా ఉన్న పిల్లలను పరీక్షిస్తే, ‘ఏమీ లేదు’ అని వచ్చిన ఫలితానికి విలువ ఉండదు. వంశంలో ఉన్నది వేరే జన్యువు కావచ్చు, లేదా అసలు ఏ జన్యువూ లేకపోవచ్చు. కుటుంబ చరిత్ర లేని రోగుల్లో కూడా పదిమందిలో సుమారు ఒకరికి ఏదో ఒక జన్యువులో మార్పు దొరుకుతోంది కనుక, పెదతాతగారి సంగతి తేలకపోయినా నాన్నగారికి పరీక్ష చేయించడం సబబే. దానివల్ల ఆయనకే మేలు జరిగే సందర్భం ఒకటుంది. ఎస్‌ఓడీ1 మార్పు ఉన్నవారి కోసమే తయారైన టోఫెర్సెన్ అనే మందును 2023 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. దానిని వెన్నులో సూది ద్వారా, మొదటి మూడు మోతాదులూ రెండేసి వారాల తేడాతో, ఆపైన నాలుగేసి వారాలకు ఒకసారి ఇస్తారు. అది జబ్బును మాన్పదు, ఖరీదు సామాన్యులకు అందేది కాదు. అయినా ఫలానా జన్యువుకు ఫలానా మందు అన్న మాట ఏఎల్‌ఎస్‌లో నిజం కావడం అదే మొదలు.

నాన్నగారిలో ఏమీ దొరకకపోతే మీరిద్దరూ పరీక్ష జోలికి పోనవసరం లేదు. దొరికితే, అప్పుడు మీ ఇద్దరికీ ఆ ఒక్క మార్పు ఉందో లేదో చూడవచ్చు, కాని చూడాలన్న నిర్బంధం లేదు. ఆ మార్పు ఉన్నవారందరికీ జబ్బు వస్తుందన్న నియమం కూడా లేదు. 2014లో కొందరు పరిశోధకులు యూరప్ దేశాల రోగుల లెక్కలను పరిశీలించి, ఏఎల్‌ఎస్ మొదలవడానికి శరీరంలో సుమారు ఆరు మెట్లు దాటవలసి ఉంటుందని ప్రతిపాదించారు. తర్వాతి పరిశీలనలో ఎస్‌ఓడీ1 మార్పు ఉన్నవారికి ఆ మెట్లు రెండుగానూ, సీ9ఓఆర్‌ఎఫ్72 ఉన్నవారికి మూడుగానూ తేలాయి. అంటే జన్యువు మనిషిని మెట్లెక్కించి కొంత పైన నిలబెడుతుంది. మిగిలిన మెట్లు ఏమిటో, అవి ఎప్పుడు దాటుతారో పరీక్ష కాగితం చెప్పదు. ఆ అనిశ్చితితో పాతికేళ్ళు, ముప్పై ఏళ్ళు బతకగలనా అన్నది ఎవరికి వారు, వైద్య జన్యుశాస్త్ర నిపుణులతో ఒకటికి రెండుసార్లు మాట్లాడి తేల్చుకోవలసిన విషయం. మీ తమ్ముడికి పద్దెనిమిది దాటాయి కాబట్టి నిర్ణయం అతనిది. అక్కగా మీరు గాని, ఇంటి పెద్దలు గాని అతని తరఫున తీసుకోకూడదు. హైదరాబాదులో నిమ్స్‌లోని వైద్య జన్యుశాస్త్ర విభాగం, బేగంపేటలోని జెనెటిక్స్ ఆసుపత్రి ఇలాంటి సలహాకు వెళ్ళదగిన చోట్లు.

పెళ్ళి సంగతి అడిగారు కనుక నా అభిప్రాయం చెబుతాను. నాన్నగారి జబ్బును దాచవద్దు. అది దాగేది కూడా కాదు. కాని పెళ్ళివారికి చూపించడం కోసం మాత్రం పరీక్ష చేయించుకోవద్దు. మీ ఒంట్లోని జన్యువుల సమాచారం మీ సొంతం. ఒకసారి అవతలివారి చేతికి వెళ్ళాక దానిని వెనక్కి తీసుకోలేరు. ఒకవేళ నాన్నగారిలో జన్యువు దొరికి, మీకూ ఉందని తేలినా, పిల్లలకు అది చేరకుండా పిండం దశలోనే పరీక్షించే మార్గాలు ఉన్నాయి. ఆ మాట మీరూ, కాబోయే భర్తా కలిసి డాక్టరుతో మాట్లాడుకోవలసింది.

ప్రశ్న: మా ఆయనకు ఈ జబ్బు. నోట్లోంచి ఎప్పుడూ చొంగ కారుతూ ఉంటుంది. ఆ ఎంగిలి తగిలితే పిల్లలకు అంటుకుంటుందని అత్తగారు పిల్లలను దగ్గరకు రానివ్వడం లేదు.
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: అంటుకోదు. గొంతు కండరాలు బలహీనపడి ఊరిన లాలాజలాన్ని మింగలేకపోవడం వల్లనే అలా కారుతుంది. దానిని తగ్గించే మందులున్నాయి, డాక్టరును అడగండి. పిల్లలను తండ్రి పక్కన కూర్చోనివ్వండి.

ప్రశ్న: నా వయసు 47. ఎనిమిదేళ్ళుగా పిక్కలు పట్టేస్తున్నాయి, చేతులు వణుకుతున్నాయి, గడ్డం దగ్గర కండ అదురుతూ ఉంటుంది. మెట్లెక్కడం కష్టమైంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని రొమ్ములు కూడా పెరిగాయి. ఐదేళ్ళ క్రితం ఒకచోట ఏఎల్‌ఎస్ అనీ, మూడేళ్ళకు మించి బతకననీ చెప్పారు. మా మేనమామకు కూడా ఇలాగే ఉండేది, ఆయన 72 ఏళ్ళు బతికారు. నేను పెళ్ళి చేసుకున్నది ఆయన కూతురినే. మాకు ఒక కొడుకు, ఒక కూతురు.
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ ఉత్తరం చదివాక నాకు ఏఎల్‌ఎస్ కంటే కెనడీ జబ్బు మీద అనుమానం ఎక్కువగా ఉంది. అది కూడా మోటార్ న్యూరాన్లు నశించే జబ్బే. నెమ్మదిగా సాగడం, గడ్డం దగ్గర అదురు, వణుకు, రొమ్ములు పెరగడం, అన్నిటికీ మించి మేనమామకు ఉండటం, ఇవన్నీ ఒకేవైపు చూపిస్తున్నాయి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. నిజానికి డాక్టరుకు దారి చూపేది మీరు దాచబోయిన ఆ లక్షణమే. పురుష హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అందులో మూడు అక్షరాల ముక్క 38 సార్లు, అంతకంటే ఎక్కువసార్లు పునరావృతమైతే ఈ జబ్బు వస్తుందని 1991లోనే తెలిసింది. రక్త పరీక్ష ఒక్కటి చాలు, తేలిపోతుంది. కెనడీ జబ్బు ఉన్నవారి ఆయుర్దాయం ఏఎల్‌ఎస్ రోగుల్లా కుదించుకుపోదు. మీ మేనమామగారే అందుకు సాక్ష్యం.

మేనమామ పోలిక అని మనం ముద్దుగా అనే మాట ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది. ఎక్స్ క్రోమోజోమ్ మగపిల్లవాడికి తల్లి నుంచే వస్తుంది కాబట్టి, మీ అమ్మమ్మ నుంచి మేనమామకూ, మీ అమ్మగారికీ, ఆమె ద్వారా మీకూ ఆ జన్యువు వచ్చి ఉండాలి. మామూలుగా అయితే, ఈ జబ్బు ఉన్న తండ్రి నుంచి కొడుక్కి రాదని మీకు ధైర్యం చెప్పేవాడిని. కాని మీరు మేనమామ కూతురిని చేసుకున్నారు. తండ్రికి ఈ జబ్బు ఉంటే ఆయన కూతుళ్ళందరిలోనూ ఆ జన్యువు ఉంటుంది కనుక, మీ భార్యలో అది ఉండి తీరాలి. అంటే మీ కొడుక్కి మీ నుంచి కాకపోయినా తల్లి నుంచి సగానికి సగం అవకాశం ఉంది. మీ కూతురికి మీ నుంచి ఒక ప్రతి తప్పకుండా వస్తుంది, తల్లి నుంచి రెండోది కూడా రావచ్చు. అయితే జబ్బు ముదరడానికి పురుష హార్మోన్ కావాలి కాబట్టి, రెండు ప్రతులూ ఉన్న స్త్రీలలో సైతం పిక్కలు పట్టడం వంటి తేలికపాటి ఇబ్బందులే కనిపించాయి. రాజమహేంద్రవరం సోదరి కుటుంబంలో మేనరికానికి జబ్బుతో సంబంధం లేదు, మీ కుటుంబంలో ఉంది. ఏ జన్యువు, ఎవరి వైపు నుంచి అన్నది తెలియకుండా మేనరికాన్ని గంపగుత్తగా మంచిదనీ చెడ్డదనీ అనలేం. పిల్లలు చిన్నవారైతే వారికి ఇప్పుడే పరీక్ష వద్దు. పెద్దయ్యాక వారే నిర్ణయించుకుంటారు.

ప్రశ్న: మా చెల్లెలికి 19 ఏళ్ళు. పద్నాలుగో ఏట వినికిడి తగ్గింది. తర్వాత మాట ముక్కుతో వచ్చినట్టు మారింది, నాలుక సన్నబడింది, చేతులు బక్కచిక్కాయి. మద్రాస్ మోటార్ న్యూరాన్ డిసీజ్ కావచ్చన్నారు. అమ్మా నాన్నా దగ్గరి బంధువులు. ఇది ఆ ఊరి జబ్బా? దీనికి మందే లేదా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: 1970లో మద్రాసు వైద్యులు మొదట వర్ణించడం వల్ల ఆ పేరు వచ్చింది. తమిళనాడుతో పాటు కర్ణాటక, కేరళ, ఆంధ్రప్రదేశ్ రోగుల్లోనూ దీనిని గుర్తించారు. చిన్నవయసులో మొదలవడం, చెవుడు, ముఖం, నాలుక, గొంతు కండరాల బలహీనత దీని గుర్తులు. ఏఎల్‌ఎస్ కంటే చాలా నెమ్మదిగా సాగుతుంది. ఎక్కువమందికి కుటుంబంలో మరొకరికి ఉండదు.

అయితే ఆ పేరు దగ్గరే ఆగిపోకండి. దాదాపు ఇవే లక్షణాలతో వచ్చే మరో జబ్బు ఉంది. ఒంట్లోకి బి2 విటమిన్‌ను, అంటే రైబోఫ్లావిన్‌ను, చేరవేసే జన్యువుల ప్రతులు రెండూ దెబ్బతినడం వల్ల అది వస్తుంది. ఆ జన్యువుల సంగతి 2010లో, 2012లో తెలిసింది. ఇది తల్లిదండ్రులు దగ్గరి బంధువులైనప్పుడు ఎక్కువగా కనిపించే రకమే. దీనికి మందు ఉంది, అది ఆ విటమినే, పెద్ద మోతాదులో. తొందరగా మొదలుపెడితే బలహీనత ఆగిన, కొంత కోలుకున్న రోగులు ఉన్నారు. అందుకే ఈ లక్షణాలు ఉన్నప్పుడు జన్యు పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకుండా రైబోఫ్లావిన్ ఇచ్చి చూడటమే మంచిదని నేను భావిస్తాను. వచ్చే నెల దాకా ఆగకుండా ఈ వారమే మీ నరాల డాక్టరును ఈ విషయం అడగండి. సొంతంగా మందుల దుకాణంలో కొని వాడటం వద్దు, మోతాదు డాక్టరే నిర్ణయించాలి.

ప్రశ్న: మా అమ్మగారు గుంటూరులో ఉంటారు, వయసు 66. ఏఎల్‌ఎస్ ముదిరిపోయింది. ఆవిడకు ఎక్సోమ్ పరీక్ష (జన్యువుల్లో ప్రోటీన్లు తయారుచేసే భాగాలన్నిటినీ ఒకేసారి చదివే పరీక్ష) చేయిస్తే ఒక జన్యువులో ‘ప్రాముఖ్యం తేలని మార్పు’ ఉందని వచ్చింది. నేను ఇక్కడ డాలస్‌లో ఉమ్మి పంపించే కిట్ ఒకటి కొని పరీక్ష చేయించుకున్నాను. ఏమీ లేదని వచ్చింది. ఇక నిశ్చింతగా ఉండవచ్చా?
— ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: ఆ రెండు కాగితాల్లో ఏదీ మీకు నిశ్చింతను గాని భయాన్ని గాని ఇవ్వగలిగింది కాదు. ప్రాముఖ్యం తేలని మార్పు అంటే, అక్షరం మారిందని తెలిసింది గాని అది జబ్బు తెచ్చేదో, మన ప్రాంతపు ఆరోగ్యవంతుల్లోనూ ఉండే తేడాయో తెలియలేదని అర్థం. పోల్చి చూడటానికి ప్రపంచంలో ఉన్న జన్యు సమాచారంలో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్నవారిది కావడం వల్ల, తెలుగువారి నివేదికల్లో ఈ మాట మరీ తరచుగా కనిపిస్తుంది. దానిని ఆధారం చేసుకొని కుటుంబంలో ఎవరినీ పరీక్షించకూడదు. ఏడాదికో రెండేళ్ళకో ఆ ప్రయోగశాలనే మళ్ళీ పరిశీలించమని అడగవచ్చు. కొన్ని మార్పుల అర్థం అప్పటికి తేలుతుంది.

రెండో విషయం: మామూలు ఎక్సోమ్ పరీక్ష అక్షరాల మార్పులను చూస్తుంది గాని, సీ9ఓఆర్‌ఎఫ్72లోని పునరావృతాలను లెక్కించలేదు. దానికి వేరే పరీక్ష రాయాలి. మన దేశంలో అది అరుదే అయినా, అమ్మగారికి ఆ పరీక్ష జరిగిందా అని నివేదికలో చూడండి. మీరు కొన్న కిట్‌లాంటివి ఈ జబ్బుకు సంబంధించిన జన్యువులను పూర్తిగా చదవవు కనుక, దానిని పక్కన పెట్టేయండి. ముందుముందు మీరు డాక్టరు ద్వారా పరీక్ష చేయించుకోవాలనుకుంటే ఇంకొకటి గుర్తుంచుకోండి. అమెరికాలో 2008 నాటి చట్టం జన్యు ఫలితాన్ని చూపి ఆరోగ్య బీమా, ఉద్యోగం నిరాకరించకుండా ఆపుతుంది గాని, జీవిత బీమాకు, దీర్ఘకాలిక సంరక్షణ బీమాకు అది వర్తించదు. భారతదేశంలో అలాంటి ప్రత్యేక చట్టమే లేదు. బీమా తీసుకునే ఆలోచన ఉంటే ఆ పని ముందు, పరీక్ష తర్వాత అని చాలామంది సలహాదారులు చెబుతారు.

అమ్మగారి పరిస్థితి మీరు రాసినట్టే ఉంటే, ఇప్పుడు ఆలస్యం చేయకూడని పని ఒకటే. ఆవిడ అంగీకారంతో కొంచెం రక్తం తీయించి, అందులోని డీఎన్ఏను ఒక ప్రయోగశాలలో భద్రపరచండి. రేపు కొత్త జన్యువు ఏదైనా బయటపడితే, మీకూ మీ తోబుట్టువులకూ అర్థమున్న జవాబు ఆ నమూనా నుంచే రావాలి. మీరు వచ్చేదాకా ఆగనవసరం లేదు, గుంటూరులో ఉన్న మీవాళ్ళే ఆవిడను చూస్తున్న డాక్టరును అడిగి ఆ ఏర్పాటు చేయించవచ్చు.